విండో సీటా, ఐల్ సీటా? అసలు అడగాల్సిన ప్రశ్న అది కాదు

మాదాపూర్ నుంచి మళ్ళీ మీ ముందుకి వచ్చేశాను. పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. "బ్రో, ఫస్ట్ టైమ్ ఆన్‌సైట్ వెళ్తున్నా, విండో తీసుకోవాలా, ఐల్ తీసుకోవాలా?" ఇంకొంతమంది, "అన్నా, సీటుకి డబ్బులు కట్టడం వేస్ట్ కదా?" అని అడిగారు. ఈ రెండింటికీ ఈరోజు సమాధానం చెప్తా. కానీ ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. చెప్పకపోతే మిగతాదంతా గూగుల్‌లో దొరికే టిప్స్ లాగే ఉంటుంది.

మా అక్క డల్లాస్‌లో ఉంటుంది. అక్కకి డెలివరీ టైమ్ దగ్గర పడింది, అమ్మానాన్న వెళ్ళాలి. 1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పటి నుంచి మన ఏరియాలో ఇది ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ జరిగే కథే కదా. మావాళ్ళది ఖమ్మం పక్కన పల్లె. ఇద్దరికీ అదే మొదటి విమానం. నేను అప్పుడు గచ్చిబౌలిలో జాబ్ చేస్తున్నా. రిలీజ్ ఉన్న రోజు, రాత్రి 11:30కి ఆఫీసులో కూర్చుని టికెట్లు బుక్ చేశా. మధ్యలో ఒక స్టాప్, రెండో ఫ్లైట్ దాదాపు 16 గంటలు. పేమెంట్‌కి ముందు సీట్లు సెలెక్ట్ చేసుకునే పేజీ వచ్చింది. ఒక్కో సీటుకి 3,500 రూపాయలు. ఇద్దరికీ 7 వేలు. "కూర్చోడానికి మళ్ళీ డబ్బులేంటి, ఎలాగూ సీటు ఇస్తారుగా" అనుకుని స్కిప్ నొక్కేశా. అదే వారంలో నా డెస్క్‌కి 9 వేలు పెట్టి మెకానికల్ కీబోర్డ్ కొన్నా. ఆ రెండు బిల్లులూ ఇప్పటికీ నా మెయిల్‌లో ఒకదాని కింద ఒకటి ఉన్నాయి.

శంషాబాద్‌లో దింపాను. పచ్చళ్ళ డబ్బాలు, వీల్‌ఛైర్ రిక్వెస్ట్, పాస్‌పోర్ట్‌లు, అన్నీ చెక్ చేశా. సీట్లు మాత్రం చూడలేదు. డల్లాస్‌లో దిగాక అక్క వీడియో కాల్ చేసి అమ్మ కాళ్ళు చూపించింది. రెండు పాదాలూ వాచిపోయి ఉన్నాయి, చెప్పులు పట్టట్లేదు. అక్క డాక్టర్‌కి చూపిస్తే అదృష్టం కొద్దీ ఉత్త వాపేనని చెప్పారు, రెండు రోజుల్లో తగ్గింది. అప్పుడు బోర్డింగ్ పాస్ ఫోటో పంపమని అడిగా. నాన్నకి 24వ వరస. అమ్మకి 38వ వరస, మధ్య సీటు. 14 వరసల తేడా.

"మరి మధ్యలో లేవలేదా అమ్మా?" అంటే, అమ్మ అన్న మాట ఇది. "పక్కనాయన దుప్పటి కప్పుకుని పడుకున్నాడురా. లేపితే ఏమనుకుంటాడో. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకి రాదు. అందుకే నీళ్ళు తాగడం మానేశా." బాత్రూమ్‌కి వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళే తాగలేదు. 16 గంటల ఫ్లైట్‌లో ఒక్కసారి లేచిందట. అది నవ్వుతూ చెప్పింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి విమానం సీట్ల గురించి పిచ్చిగా చదవడం మొదలుపెట్టా. నాకు అర్థమైంది ఏంటంటే, మంచి సీటు అనేది ఒకటి ఉండదు. ఆ సీట్లో ఎవరు కూర్చుంటున్నారు, ఎన్ని గంటలు కూర్చుంటున్నారు, వాళ్ళు లేవాలనుకుంటే లేవగలరా లేదా, ఈ మూడూ తెలిస్తేనే అది మంచి సీటో కాదో చెప్పగలం. ఒక్కొక్కటి చూద్దాం.

ముందు విమానం సంగతి. మనం ఫేర్ చూస్తాం, టైమింగ్ చూస్తాం, విమానం పేరు మాత్రం చూడం. హైదరాబాద్ నుంచి ఢిల్లీ, బెంగళూరు, వైజాగ్ వెళ్ళేవి ఎక్కువగా ఎయిర్‌బస్ ఏ320 రకం, లేదంటే బోయింగ్ 737. రెండింట్లోనూ మధ్యలో ఒకే నడవ, అటు మూడు, ఇటు మూడు సీట్లు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కానీ ఏ320 లోపల కాస్త వెడల్పు ఎక్కువ. అందుకే దాంట్లో సీటు మామూలుగా 18 అంగుళాలు వస్తే, 737లో 17 దగ్గర ఆగిపోతుంది. ఒక్క అంగుళమే కదా అనిపిస్తుంది. భుజాలు వెడల్పుగా ఉన్న ముగ్గురు పక్కపక్కన కూర్చుంటే ఆ అంగుళం విలువ తెలుస్తుంది.

పెద్ద విమానాల్లో ఇది ఇంకా ముఖ్యం. బోయింగ్ 777 వచ్చిన కొత్తలో చాలా ఎయిర్‌లైన్స్ ఎకానమీలో వరసకి 9 సీట్లు వేసేవి. ఇప్పుడు చాలావాటిలో అదే వెడల్పులో 10 సీట్లు, అంటే 3-4-3. విమానం పెరగలేదు, సీటే 17 అంగుళాలకి తగ్గింది. 787 డ్రీమ్‌లైనర్‌లో 3-3-3, సీటు ఇంచుమించు అంతే. ఏ350లో 3-3-3 ఉంటే, ఏ380లో 3-4-3 ఉంటే దాదాపు 18 వస్తుంది. 2013లో ఎయిర్‌బస్ వాళ్ళు దూర ప్రయాణాలకి కనీసం 18 అంగుళాల సీటు ఉండాలని ప్రచారం కూడా చేశారు. వాళ్ళ విమానాలు అమ్ముకోవడానికే అనుకోండి, కానీ పాయింట్ కరెక్టే. ఏ330లో అయితే 2-4-2. భార్యాభర్తలిద్దరే వెళ్తుంటే పక్కన ఆ రెండు సీట్లు బంగారం. మూడో మనిషే ఉండడు.

ఇదంతా ఎక్కడ చూడాలి? గూగుల్ ఫ్లైట్స్‌లో ఫ్లైట్ డీటెయిల్స్ ఓపెన్ చేయండి. చాలా ఫ్లైట్లకి విమానం పేరు, లెగ్‌రూమ్ ఎన్ని అంగుళాలో కనిపిస్తాయి. తర్వాత ఏరోలోపా అనే సైట్‌లో ఎయిర్‌లైన్ పేరు, విమానం పేరు వెతకండి. సీట్ల మ్యాప్, కిటికీలు ఎక్కడున్నాయి, బాత్రూమ్‌లు ఎక్కడున్నాయి, మొత్తం ఉంటుంది. అయిదు నిమిషాల పని.

రెండోది లెగ్‌రూమ్. మీ సీటు దగ్గర నుంచి ముందు సీట్లో అదే పాయింట్ వరకు ఉండే దూరాన్ని పిచ్ అంటారు. తక్కువ ఫేర్ ఫ్లైట్లలో 28 నుంచి 30 అంగుళాలు, దూరం వెళ్ళేవాటిలో 31, 32 మామూలు. అయితే పిచ్ అంటే మొత్తం కాళ్ళకే దొరికే జాగా కాదు. సీటు మందం కూడా అందులోనే ఉంటుంది. సీటు సన్నగా ఉంటే పిచ్ తక్కువైనా మోకాళ్ళు తగలకపోవచ్చు, కానీ మెత్తదనం తగ్గుతుంది.

ఎక్కువ లెగ్‌రూమ్ కావాలంటే అందరూ చెప్పేది ఎమర్జెన్సీ ఎగ్జిట్ వరస. ఆరడుగుల వాళ్ళకి సూపర్. కానీ పిల్లలకి, గర్భిణులకి, పెద్దవయసు వాళ్ళకి, సాయం లేకుండా నడవలేని వాళ్ళకి అది ఇవ్వరు. అవసరమైతే డోర్ తెరవాల్సింది అక్కడ కూర్చున్నవాళ్ళే కాబట్టి. అమ్మానాన్నలకి ఆ సీటు డబ్బులు కట్టి బుక్ చేసినా, తర్వాత మార్చేస్తారు. ఇంకో మెలిక ఏంటంటే, ఎగ్జిట్‌కి సరిగ్గా ముందున్న వరస చాలా విమానాల్లో వెనక్కి వాలదు. వాలితే దారికి అడ్డం కదా. రెండు ఎగ్జిట్ వరసలు పక్కపక్కన ఉంటే ముందుదాని పరిస్థితీ ఇంతే. తీసుకుంటే రెండోది తీసుకోండి.

ఇక మొట్టమొదటి వరస, ఎదురుగా గోడ ఉండేది. ముందు ఎవరూ సీటు వెనక్కి వాల్చరు, బాగుంటుంది. కానీ ట్రే చేతి పక్కన ఆర్మ్‌రెస్ట్‌లో ఇరికించి ఉంటుంది కాబట్టి సీటు కాస్త ఇరుకు, ఆర్మ్‌రెస్ట్ పైకి లేవదు. బ్యాగు కాళ్ళ దగ్గర పెట్టుకోలేరు. పెద్ద విమానాల్లో పసిపిల్లల ఉయ్యాల బిగించేది కూడా అక్కడే. చంటిబిడ్డతో వెళ్ళేవాళ్ళకి అదే బెస్ట్ సీటు. నిద్రపోదామని తీసుకున్నవాళ్ళకి మాత్రం పక్కన ఉయ్యాల ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

మూడోది, విమానంలో ఎక్కడ కూర్చోవాలి? దీనికి మన ఆర్టీసీ బస్సే ఎగ్జాంపుల్. పల్లెవెలుగు బస్సులో లాస్ట్ సీట్లో కూర్చుంటే ప్రతి గుంతకీ ఎగిరి పడతాం, మధ్యలో కూర్చుంటే అంత తెలీదు. విమానంలోనూ అంతే. రెక్కల దగ్గర కుదుపు తక్కువ, తోక దగ్గర ఎక్కువ. కడుపులో తిప్పేవాళ్ళు, భయపడేవాళ్ళు రెక్కల మీద వరసలు తీసుకోండి. కిటికీలోంచి రెక్క తప్ప ఏమీ కనబడదు, అది వేరే విషయం. చాలా జెట్ విమానాల్లో ఇంజిన్లు రెక్కల కింద ఉంటాయి కాబట్టి వాటికి ముందు కూర్చుంటే సౌండ్ తక్కువ. లాస్ట్ వరసలో బాత్రూమ్ క్యూ మన భుజం మీదే నిలబడుతుంది, చాలాచోట్ల సీటు కూడా పూర్తిగా వాలదు.

రాజమండ్రి, కడప లాంటి ఊళ్ళకి తరచుగా వెళ్ళే చిన్న ఏటీఆర్‌లో లెక్క ఉల్టా. రెక్క పైన ఉంటుంది, కాబట్టి కిందికి చూడ్డానికి అడ్డం తక్కువ. ఫ్యాన్లు ముందువైపు ఉంటాయి, వాటి పక్క వరసల్లోనే గోల ఎక్కువ. ఎక్కేది, దిగేది వెనక డోర్ నుంచే. సో, ఏటీఆర్‌లో వెనక సీటు మంచి సీటు.

విండో సీటు కొన్నాక కిటికీ లేకపోతే? జోక్ కాదు, ఉంది. 737లో ఏసీ గొట్టాలు గోడలోంచి పైకి వెళ్ళేచోట కిటికీ పెట్టరు. అక్కడ కూర్చున్నవాళ్ళకి గోడే వ్యూ. బుక్ చేసే ముందు మ్యాప్‌లో చూసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. మా అమ్మ హైట్ 5 అడుగులు, అంటే దాదాపు 152 సెంటీమీటర్లు. నేను అనుకునేవాణ్ణి, "పొట్టివాళ్ళకేంటి, కాళ్ళు చాపుకోవచ్చు, లెగ్‌రూమ్ ప్రాబ్లమ్ పొడుగువాళ్ళదే కదా" అని. తప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఒక రిపోర్ట్ ఇచ్చింది. 4 గంటలు, అంతకన్నా ఎక్కువ కదలకుండా కూర్చుని ప్రయాణం చేస్తే కాళ్ళ లోపలి నరాల్లో రక్తం గడ్డకట్టే రిస్క్ దాదాపు రెట్టింపు అవుతుందని. విమానమే కాదు, కారు, బస్సు, రైలు కూడా. భయపడకండి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో అది సుమారు 6,000 మందిలో ఒకరికి. కానీ ఎవరికి రిస్క్ ఎక్కువో కూడా చెప్పారు. లావుగా ఉన్నవాళ్ళు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళు, 190 సెంటీమీటర్లు దాటినవాళ్ళు, 160 కన్నా తక్కువ ఉన్నవాళ్ళు. అవును, పొట్టివాళ్ళు కూడా. పాదాలు నేలకి సరిగ్గా ఆనకపోతే కాళ్ళ బరువంతా సీటు అంచు మీద పడి, తొడ కింద, మోకాలి వెనక నొక్కుతుంది. మన ఇళ్ళల్లో ఎంతమంది అమ్మలు 160 దాటి ఉంటారు చెప్పండి?

కాబట్టి అమ్మకి పొడుగు లెగ్‌రూమ్ అక్కర్లేదు. కావాల్సింది రెండు. పాదాల కింద ఏదైనా ఎత్తు, చిన్న బ్యాగు చాలు. ఇంకోటి, ఎవరినీ అడగకుండా లేచే అవకాశం. అంటే ఐల్ సీటు. కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు తక్కువసార్లు లేస్తారు, ఎందుకంటే ఇద్దరిని లేపాలి. మా అమ్మ ఒక్కరినే లేపలేకపోయింది, ఇద్దరినెక్కడ లేపుతుంది?

ఒక మాట. ప్రయాణం తర్వాత ఒక్క కాలే వాచి, పిక్కలో నొప్పి, ఎర్రగా, వేడిగా ఉంటే, లేదా ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, రెస్ట్ తీసుకుంటే తగ్గుతుందని ఆగకండి, వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళండి. ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్ళు, గర్భిణులు, ఇంతకుముందు రక్తం గడ్డకట్టినవాళ్ళు టికెట్ కొనేముందే డాక్టర్‌ని అడగండి.

ఇప్పుడు ఫ్యామిలీ లెక్క. స్క్రీన్ మీద పేపర్ చూడండి, నేనే గీశాను. పెద్ద విమానం 3-4-3లో సీట్ల అక్షరాలు మామూలుగా ఇలా ఉంటాయి. ఎ, బి, సి ఒక పక్క. మధ్యలో డి, ఇ, ఎఫ్, జి. అటుపక్క హెచ్, జె, కె. ఐ అక్షరం వాడరు, ఒకటి అంకెలా కనబడుతుందని. చాలామంది ఏం చేస్తారు? అమ్మకి కిటికీ అని ఎ, నాన్నకి బి ఇస్తారు. అప్పుడు ఇద్దరూ సి లో ఉన్న కొత్తమనిషి దయమీద ఆధారపడాలి. పోనీ నాన్నకి బి, అమ్మకి సి ఇచ్చారనుకోండి. ఎ లో ఉన్నతను లేచినప్పుడల్లా ఇద్దరూ లేవాలి.

మధ్య బ్లాక్‌లో డి, ఇ తీసుకోండి. అమ్మకి డి, అదే ఐల్. నాన్నకి ఇ. ఎఫ్ లో ఉన్నవాళ్ళు జి వైపు నుంచి వెళ్తారు. అంటే అమ్మని లేపాల్సి వచ్చేది నాన్న ఒక్కరే. నాన్న లేవాలంటే అడగాల్సింది అమ్మనే. భాష ప్రాబ్లమ్ లేదు, మొహమాటం లేదు. కిటికీ ఉండదు, నిజమే. 16 గంటల్లో చాలాసేపు కిటికీలు మూసే ఉంటాయి లెండి.

డొమెస్టిక్‌లో, 3-3 ఉన్నచోట, ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులుంటే సి, డి తీసుకోండి. నడవకి అటు ఒకరు, ఇటు ఒకరు. ఇద్దరికీ ఐల్ సీటే, చెయ్యి చాపితే అందుతారు.

చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఒక రూల్ తెలిసి ఉండాలి. 12 ఏళ్ళ వరకు ఉన్న పిల్లల్ని ఒకే పీఎన్ఆర్‌లో ఉన్న తల్లి, తండ్రి లేదా గార్డియన్‌లో ఒకరి పక్కన కూర్చోబెట్టాలని డీజీసీఏ 2024 ఏప్రిల్‌లో ఎయిర్‌లైన్స్‌కి చెప్పింది. కౌంటర్‌లో వేర్వేరు చోట్ల సీట్లు ఇస్తే మర్యాదగా ఈ మాట గుర్తుచేయండి. కానీ ఇది పిల్లలకి. ఒకే పీఎన్ఆర్ ఉంది కదా అని భార్యాభర్తలకి పక్కపక్కన సీట్లు గ్యారంటీ కాదు. నేను పప్పులో కాలేసింది అక్కడే.

లాస్ట్‌గా డబ్బుల సంగతి. ప్రతిసారీ కట్టమని నేను చెప్పను. బెంగళూరుకి గంటంపావు ఫ్లైట్, ఒక్కరే వెళ్తున్నారా? కట్టకండి. రాయదుర్గం నుంచి ఎయిర్‌పోర్ట్‌కి ట్రాఫిక్‌లో అంతకన్నా ఎక్కువసేపు కూర్చుంటాం. డొమెస్టిక్‌లో చాలావాటికి వెబ్ చెక్-ఇన్ 48 గంటల ముందు ఓపెన్ అవుతుంది. అలారం పెట్టుకుని ఓపెన్ అవ్వగానే చూడండి, ఫ్రీ సీట్లలో మంచివి ముందే పోతాయి. 4 గంటలు దాటితే ఆలోచించండి. 8 గంటలు దాటి, వెళ్ళేది పెద్దవాళ్ళయితే, టికెట్ రేటు పోల్చేటప్పుడే సీటు ఖర్చు కూడా కలిపి పోల్చండి. కొన్నిసార్లు 5 వేలు ఎక్కువున్న టికెట్‌లో సీటు ఫ్రీగా ఉంటుంది. బుకింగ్ అప్పుడు స్కిప్ చేసినా పర్లేదు, తర్వాత యాప్‌లో పీఎన్ఆర్ కొట్టి సీటు తీసుకోవచ్చు. తీసుకున్నాక కూడా ప్రయాణానికి ముందురోజు ఒకసారి చెక్ చేయండి. విమానం మారితే సీటు కూడా మారిపోతుంది.

మన ఆఫీసుల్లో కుర్చీ కోసం ఎంత గొడవ చేస్తామో మీకు తెలుసు. నడుం దగ్గర సపోర్ట్ లేదని ఫెసిలిటీస్‌కి టికెట్ రెయిజ్ చేస్తాం. నేనూ చేశా. మన కుర్చీ గురించి మనం అడగగలం. వాళ్ళు అడగరు, అందుకే ఆ పేజీలో మనమే వాళ్ళ తరఫున ఆలోచించాలి.

ఐదు నెలల తర్వాత వాళ్ళు తిరిగొచ్చేటప్పుడు డి, ఇ తీసుకున్నా. 7 వేలు కట్టా. అమ్మ ఫోన్‌లో రెండు గంటలకోసారి అలారం పెట్టించా. ఫ్లైట్ మోడ్‌లో కూడా అలారం పనిచేస్తుంది. శంషాబాద్‌లో బయటికి రాగానే ముందు కాళ్ళకేసి చూశా. చెప్పులు బాగానే పట్టాయి. "అలారం మోగిందా అమ్మా?" అంటే, "ఎందుకురా అలారం! మీ నాన్న గంటకోసారి బాత్రూమ్ అని నన్ను లేపుతూనే ఉన్నాడు. ఎలాగూ లేచానని నేనూ ఆ చివరిదాకా నడిచొచ్చా. నీళ్ళు కూడా బాగా తాగా" అంది. నాన్నేమో, "నేను మూడుసార్లే లేచాను" అన్నాడు. కారులో గచ్చిబౌలి వచ్చేదాకా ఇదే పంచాయితీ.

ఓకే ఫ్రెండ్స్, ఇదీ ఈరోజు ఎపిసోడ్. ఈ నెలలో మీ ఇంట్లో ఎవరైనా ఫ్లైట్ ఎక్కుతుంటే, ఇది విన్నాక ముందు వాళ్ళ సీటు నంబర్ చూడండి. మధ్య సీటు వచ్చి ఉంటే ఇంకా టైముంది, మార్చండి. విమానం పేరు, ఎవరు వెళ్తున్నారో కామెంట్‌లో పెట్టండి, నాకు తెలిసినంతవరకు ఏ సీటు బాగుంటుందో చెప్తాను. నెక్స్ట్ ఎపిసోడ్‌లో పచ్చళ్ళ డబ్బాలు లీక్ అవ్వకుండా ప్యాక్ చేయడం ఎలాగో మా అమ్మే వచ్చి చెప్తుంది. అప్పటివరకు ఉంటాను, బై.